మైనపు సిలిండర్‌లో తాతల గొంతు

గాయాన్ని పాట చేయడమంటే ఏడుపు పాట కట్టడమేనని మన యువకులు చాలామంది అనుకుంటారు. జెరెమీ డచర్ చేసిన పని వేరు.

కెనడా తూర్పున వొలస్తొక్వియిక్ అనే ఆదివాసులున్నారు. ‘అందమైన నది జనం’ అని ఆ పేరుకు అర్థం. 1907 నుంచి కొన్నేళ్లపాటు విలియం మెక్లింగ్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ల పాటలను మైనపు సిలిండర్ల మీద రికార్డు చేశాడు. ఈ జనం ఎలాగూ కనుమరుగవుతారు, గుర్తుగానైనా దాచుదాం అన్నది ఆనాటి పండితుల ఆలోచన. పాటలు మ్యూజియం చేరాయి.

ఊళ్లో అవి ఎందుకు నిలవలేదు? షుబెనకాడీ గురుకుల బడి 1930 నుంచి 1967 దాకా నడిచింది. ఇంటి నుంచి తీసుకుపోయిన పిల్లలు తల్లి భాష మాట్లాడితే దెబ్బలు పడేవి. దేశమంతటా ఇలాంటి బళ్లలో చేరిన ఆదివాసీ పిల్లలు 1,50,000 మందికి పైనే. 2015లో అక్కడి సత్య, సయోధ్య కమిషన్ దీన్ని సాంస్కృతిక జాతిహననం అంది.

తాతలకు తగిలిన దెబ్బ మనవళ్లలోనూ సలుపుతుందని, తీరని దుఃఖం తరాలు దాటుతుందని చెప్పిన సిద్ధాంతం ‘చారిత్రక గాయం’. దాన్ని రూపొందించింది లకోటా తెగ స్త్రీ మరియా ఎల్లో హార్స్ బ్రేవ్ హార్ట్. అంటే గాయపడ్డవాళ్లే గాయానికి పేరు పెట్టారు. నాకు నచ్చింది అదే.

డచర్ పాటలను నేను ఈ వెలుగులోనే వింటాను. అతను పాశ్చాత్య సంగీతం, మానవశాస్త్రం చదివాడు. మ్యాగీ పాల్ అనే పెద్దామె చెప్పగా మ్యూజియంకు వెళ్లి ఆ సిలిండర్లు విన్నాడు. 2018లో ఆల్బమ్ తెచ్చాడు. మైనపు గరగరలోంచి ముత్తాతల గొంతు వస్తుంటే, పియానో వాయిస్తూ తన భాషలోనే వాళ్లతో గొంతు కలుపుతాడు. ఆ ఏడాది కెనడాలో పేరున్న పొలారిస్ బహుమతి దానికే దక్కింది.

ఇక మన సంగతి. కొమురం భీము 1940లో నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను మన దగ్గరికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండీ చదువు మొదలైంది. పర్ధానులు చెప్పే మన కథలను ఆయన పుస్తకాలకెక్కించాడు. కానీ అచ్చులోకి కథ వస్తుంది. కీక్రి మీద విల్లు నడిచే తీరు రాదు. తర్వాతి కాలంలో గోండీ మాట్లాడినందుకు హాస్టల్ వరండాలో నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను. నా తరానికి ఆ కథలు సగమే తెలుసు.

ఈసారి దండారికి పర్ధాన్ తాత వస్తే ఫోన్‌లో రికార్డు చేయండి. ఆయన పేరు, ఊరు, తేదీ ఆయన నోటితోనే చెప్పించండి. ఆ పాట మొదటి కాపీ ఆయన ఇంట్లోనే ఉండాలి.