‘తిన్నాను’ ఒకటే, ఇంగ్లీషులో రెండు: ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్ ఇలా కట్టాలి

“తిన్నావా బేటా?” అని అడిగితే “తిన్నాను అమ్మీ” అంటే చాలు. నిన్న రాత్రి తిన్నా, ఇప్పుడే తిన్నా తెలుగులో అదే మాట. ఇంగ్లీషులో అలా కుదరదు. నిన్న రాత్రి సంగతైతే ‘ఐ ఏట్’ అనాలి. భోజనం అయిపోయింది, ఇప్పుడింక వద్దు అనే అర్థంలో ‘ఐ హ్యావ్ ఈటెన్’ అనాలి. ఈ రెండోదే ప్రెజెంట్ పర్ఫెక్ట్ టెన్స్.

ఇంట్లో ఉర్దూ వినే పిల్లలకు ఈ తేడా తొందరగా పట్టుబడుతుంది. ‘మైనే ఖత్ లిఖా’ అంటే ‘ఐ రోట్ ఎ లెటర్’. ‘మైనే ఖత్ లిఖా హై’ అంటే ‘ఐ హ్యావ్ రిటన్ ఎ లెటర్’. చివర ఉన్న ‘హై’ చేసే పనే ఇంగ్లీషులో ‘హ్యావ్’ చేస్తుంది. జరిగిపోయిన పనిని ఇప్పటితో ముడిపెడుతుంది.

వాక్యం కట్టే తీరు

ముందు కర్త, తర్వాత హ్యావ్ లేదా హ్యాజ్, ఆ తర్వాత క్రియ మూడో రూపం, అంటే వి3.

• ఐ, యు, వుయ్, దే వస్తే హ్యావ్.
• హి, షి, ఇట్, ఒక్కరి పేరు వస్తే హ్యాజ్.

చాలా క్రియలకు రెండో రూపం, మూడో రూపం ఒకటే: ఫినిష్, ఫినిష్డ్, ఫినిష్డ్. కొన్నింటికి మారుతుంది: గో, వెంట్, గాన్, సీ, సా, సీన్, టేక్, టుక్, టేకెన్. వీటిని కంఠస్థం చేయక తప్పదు. ‘షి హ్యాజ్ వెంట్’ తప్పు, ‘షి హ్యాజ్ గాన్’ ఒప్పు.

‘లేదు’ అని చెప్పాలంటే హ్యావ్ పక్కన నాట్ చేర్చాలి: ‘ఐ హ్యావ్ నాట్ సీన్ హిమ్’. ప్రశ్న అడగాలంటే హ్యావ్ ముందుకు రావాలి: ‘హ్యావ్ యు ఫినిష్డ్ యువర్ హోంవర్క్?’ ఇక్కడ ‘డిడ్’ అవసరం లేదు.

వెళ్ళారా, వెళ్ళొచ్చారా?

‘మై ఫాదర్ హ్యాజ్ గాన్ టు మక్కా’ అంటే నాన్న మక్కా వెళ్ళారు, ఇంకా తిరిగి రాలేదు. ‘మై ఫాదర్ హ్యాజ్ బీన్ టు మక్కా’ అంటే వెళ్ళొచ్చారు.

పొరపాటు పడే చోట్లు

మొదటిది, గడిచిపోయిన సమయం. ‘మైనే ఉసే కల్ దేఖా హై’ అని ఉర్దూలో అనొచ్చు. కానీ ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ తప్పు. యెస్టర్డే, లాస్ట్ ఇయర్, ఇన్ 2018 లాంటి మాటలుంటే ‘ఐ సా హిమ్ యెస్టర్డే’ అని మామూలు పాస్ట్ టెన్స్ వాడాలి. జస్ట్, ఆల్రెడీ, ఎవర్, నెవర్, యెట్ అనే మాటలు మాత్రం ప్రెజెంట్ పర్ఫెక్ట్‌తో బాగా కలుస్తాయి.

రెండోది, ‘నుంచి’. ‘ఐదేళ్ళ నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను’ అన్నా, ‘పాంచ్ సాల్ సే కామ్ కర్ రహా హూ’ అన్నా రెండు భాషల్లోనూ వర్తమానమే. అందుకే చాలామంది ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనేస్తారు. ‘ఐ హ్యావ్ వర్క్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనేది సరైనది. ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్’ అన్నా సరే. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్: ఫర్ ఫైవ్ ఇయర్స్, సిన్స్ 2019.

ఇంటర్వ్యూలో తేడా

గల్ఫ్ ఉద్యోగానికో, ఇక్కడి ఆఫీసుకో ఇంటర్వ్యూకి వెళ్ళినవారికి ఈ చిన్న మాటే పెద్ద తేడా తెస్తుంది. ప్రస్తుత ఉద్యోగం గురించి ‘ఐ వర్క్డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అంటే మానేశారని వినేవాళ్ళు అనుకుంటారు. ఇంకా చేస్తున్నవారు ‘ఐ హ్యావ్ వర్క్డ్’ అనాలి.

‘హ్యావ్ యు ఎవర్ వర్క్డ్ అబ్రాడ్?’ అని అడిగితే జవాబులో రెండు టెన్సులూ వస్తాయి: ‘యెస్, ఐ హ్యావ్. ఐ వర్క్డ్ ఇన్ దుబాయ్ ఇన్ 2018.’ అనుభవం ఉందని చెప్పడానికి హ్యావ్, ఎప్పుడో చెప్పడానికి పాస్ట్ టెన్స్. ఈ ఒక్క జవాబు నోటికొస్తే పాఠంలో సగం వచ్చినట్టే.