రిచర్డు స్ట్రౌసు పొందిన రాజాశ్రయము

పాశ్చాత్యుల సంగీతసభ మన కచేరివంటిది కాదు. అందు నూరుమంది వాద్యగాండ్రు ఒక్కమారు కూర్చుందురు. ఎవరు ఏ స్వరము ఎప్పుడు పలికింపవలెనో ముందుగనే కాగితములపై వ్రాయబడియుండును. మనోధర్మమునకు తావు మిక్కిలి తక్కువ. వారందరకు ఎదుట సన్నని పుల్ల చేతబట్టి నిలిచి, కాలమును, బిగువును, మెత్తదనమును సైగలతో తెలుపువాడు నిర్వాహకుడు. తానొక్క స్వరమైనను పలికింపడు. సభ చెడినచో నింద మాత్రము అతనిదే. ఇట్టి నిర్వాహకుడును, గొప్ప కృతికర్తయు అయిన జర్మను విద్వాంసుడు రిచర్డు స్ట్రౌసు.

ఇతడు 1864వ సంవత్సరము జూన్ 11వ తేదీన మ్యూనికు నగరమున జన్మించెను. తండ్రి ఫ్రాంజు అచటి ఆస్థాన వాద్యబృందమున కొమ్మూదువాడు. ఆయనకు వాగ్నరు సంగీతమన్న గిట్టదు. అయినను వాగ్నరు నాటకములకు కొమ్మూదవలసివచ్చినప్పుడు లోపము లేకుండ ఊదెడివాడట. తన వృత్తియందు అట్టి నిష్ఠగల తండ్రి ఇతనికి తొలి గురువు.

1885లో హాన్సు ఫన్ బ్యూలో అను ప్రసిద్ధ నిర్వాహకుడు ఇతనిని మైనింగెను ఆస్థానమునకు సహాయకునిగా పిలిచెను. 1889లో వైమారు నగరమున ‘డాన్ హువాను’ అను కృతిని వినిపించుటతో, 25 ఏండ్లకే పేరు మారుమ్రోగెను. 1894లో పౌలీన అను గాయనిని వివాహమాడి, నాలుగు పాటలు కట్టి పెండ్లికానుకగా ఇచ్చెను. 1905లో డ్రెస్డెనున ప్రదర్శితమైన ‘సలోమే’ సంగీతనాటకమునుగూర్చి, ఇది ఇతనికి కీడుచేయునని జర్మను చక్రవర్తి పలికెనట. ఆ కీడుతోనే గార్మిషున ఇల్లు కట్టుకొంటినని స్ట్రౌసు నవ్వుచు చెప్పెడివాడు. 1911లో వచ్చిన ‘రోజెన్‌కవలియరు’ ఆ కీర్తిని ఇనుమడింపజేసెను. కృతికర్తలకు తమ రచనలపై ప్రతిఫలము రావలెనని 1903లో సంఘము స్థాపించినవారిలోను ఇతడొకడు; డబ్బు లెక్క బాగుగా తెలిసినవాడు.

ఇంతవరకు చెప్పుట సులభము. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. యూదుడగుటచే బ్రూనో వాల్టరు బెర్లినులో సభ నడుపలేకపోగా, ఆ స్థానమున స్ట్రౌసు నిలిచెను. యూదులకు జరుగు అన్యాయమునకు అలిగి టోస్కనీని బైరాయిటుకు రాననగా, అచటికిని ఇతడే వెళ్లెను. ఆ నవంబరులో ప్రభుత్వ సంగీతమండలికి అధ్యక్షుడయ్యెను. అప్పటికి 69 ఏండ్ల వయసు. కీర్తికి కొదువలేదు, ధనమునకు కొదువలేదు. ఈ పదవి ఏల? కృతికర్తల హక్కులు నిలుపవచ్చునని ఆశ. కోడలు ఆలిసు యూదకన్య, ఆమె బిడ్డల క్షేమమునుగూర్చి బెంగ. ఇవి నిజములే. అయినను ఒకరిని తరిమిన పీఠముపై మరియొకడు కూర్చుండుట నాకు మింగుడుపడదు.

1935లో ఇతని క్రొత్త నాటకమునకు మాటలు వ్రాసినవాడు స్టెఫాను జ్వైగు, యూదుడు. ప్రకటనపత్రమునుండి ఆ పేరు తీసివేసిరని తెలిసి, స్ట్రౌసు పట్టుబట్టి మరల వేయించెను. ఇది అతని గొప్ప. జూన్ 17న జ్వైగునకు ఉత్తరము వ్రాయుచు, తాను అధ్యక్షవేషము మాత్రమే కట్టితిననియు, మనుజులలో ప్రతిభ గలవారు, లేనివారు అను రెండే జాతులనియు తెలిపెను. ఆ ఉత్తరము రహస్యపోలీసుల చేత బడెను. జూలైలో, అనారోగ్యమను సాకుతో, పదవి వదలవలసివచ్చెను. నాటకము కొద్ది ప్రదర్శనలకే ఆగెను. పిమ్మట హిట్లరునకు క్షమాపణపూర్వకముగా లేఖ వ్రాసెను, జవాబు రాలేదు. 1936లో బెర్లిను ఒలింపిక్ క్రీడలకు తన గీతమును తానే నడిపెను.

కోడలి అవ్వను టెరేజిను శిబిరమునకు కొనిపోయిరి. ఎంత ప్రయత్నించినను ఇతడు విడిపింపలేకపోయెను. ఆ కుటుంబమున పలువురు శిబిరములలో మడిసిరి. కోడలిని, మనుమలను మాత్రము కాపాడుకొనగలిగెను.

1943 అక్టోబరులో బాంబులకు మ్యూనికు నాటకశాల కూలెను. తండ్రి 49 ఏండ్లు కొమ్మూదిన చోటది. 1945 ఏప్రిలులో, 80 దాటిన వయసున, 23 తంత్రీవాద్యములకు ‘మెటమార్ఫోజెను’ అను శోకకృతి ముగించెను. చివర బీథోవెను శవయాత్రా గీతపు స్వరములు వినవచ్చును. ఆ నెల చివర అమెరికను సైనికులు ఇల్లు ఖాళీచేయింప వచ్చినప్పుడు, తాను ‘రోజెన్‌కవలియరు’ కర్తనని ముసలివాడు వాకిట నిలిచి చెప్పుకొనెను. వారు ఇల్లు విడిచిపెట్టిరి.

1948లో విచారణసంఘము ఇతనిని నిర్దోషి యనెను. ఆ యేటనే స్త్రీకంఠమునకు వాద్యబృందసహితముగా నాలుగు పాటలు కట్టెను. 1949 సెప్టెంబరు 8న గార్మిషులో మరణించెను. ఆ పాటలు తొలిసారి లండనులో వినబడినది 1950 మే 22న. అంతకు తొమ్మిది దినములముందే పౌలీన కన్నుమూసెను.