వెబ్ సర్వర్, అప్లికేషన్ సర్వర్: విభజన చరిత్ర

బ్రౌజర్ అడిగిన పేజీనో, బొమ్మనో, ఫైలునో ఉన్నది ఉన్నట్టు అందించే ప్రోగ్రాము వెబ్ సర్వర్. లాగిన్ సరిచూసి, డేటాబేసును అడిగి, అప్పటికప్పుడు పేజీ తయారుచేసేది అప్లికేషన్ సర్వర్. ఈ రెండూ కలిసి ఉండాలా, విడిగా ఉండాలా అన్న చర్చ 1990ల నడిమి నుంచి సాగుతోంది. ఇందులో గందరగోళానికి ప్రధాన కారణం ఒకటే. ‘వేరు చేయడం’ అనే మాట కింద రెండు నిర్ణయాలు కలిసిపోయాయి. ఒకే యంత్రంలో రెండు ప్రోగ్రాములుగా విడదీయడం ఒకటి, రెండు యంత్రాల్లో పెట్టడం మరొకటి. రెండింటికీ కారణాలు వేరు, చరిత్రలూ వేరు.

1990 చివర్లో సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ నెక్స్ట్ కంప్యూటర్ మీద నడిపిన తొలి వెబ్ సర్వర్ పని ప్రధానంగా పత్రాలు అందించడమే. 1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏలో రాబ్ మెకూల్ రాసిన సర్వరుతో పాటు సీజీఐ అనే ఒప్పందం వచ్చింది. రిక్వెస్ట్ రాగానే వెబ్ సర్వర్ ఒక కొత్త ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. అది పేజీ రాసిచ్చి అంతటితో ముగిసిపోతుంది. మళ్లీ రిక్వెస్ట్ వస్తే మళ్లీ కొత్తది. రద్దీ పెరిగేసరికి అసలు పని కంటే ప్రాసెస్‌ను పుట్టించే ఖర్చే ఎక్కువైంది. దీనికి ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన రెండు విరుగుళ్లు దాదాపు ఒకేసారి వచ్చాయి. అప్లికేషన్‌ను వెబ్ సర్వర్ కడుపులోనే పెట్టేయడం మొదటిది. 1995లో వచ్చిన అపాచీలో మాడ్‌పెర్ల్, మాడ్‌పీహెచ్‌పీ చేసింది ఇదే. అప్లికేషన్‌ను ఎప్పుడూ బతికుండే వేరే ప్రాసెస్‌గా నిలపడం రెండోది. ఓపెన్ మార్కెట్ సంస్థ తెచ్చిన ఫాస్ట్‌సీజీఐది ఈ దారి.

మొదటి దారి వేగంగా ఉండేది, కానీ అందులో ఒక చిక్కు దాగి ఉంది. మాడ్‌పెర్ల్ ఉన్న ప్రతి అపాచీ ప్రాసెస్ పెర్ల్ ఇంటర్‌ప్రెటర్‌నీ మొత్తం అప్లికేషన్ కోడ్‌నీ మోస్తుంది. ఒక్కోటి 20 మెగాబైట్లు తింటుందనుకుంటే, 256 మెగాబైట్ల మెమరీ ఉన్న యంత్రంలో పన్నెండుకు మించి పట్టవు. 50 కిలోబైట్ల పేజీ పావు సెకనులో తయారైందనుకుందాం. అవతల మనిషిది 56 కిలోబిట్ల మోడెం అయితే, ఆ పేజీ చేరడానికి ఏడు సెకన్లకు పైగా పడుతుంది. అంతసేపూ ఆ బరువైన ప్రాసెస్ చుక్కచుక్కగా వడ్డిస్తూ కూర్చుంటుంది. అలాంటి వాళ్లు పన్నెండుమంది వస్తే చాలు, పదమూడో మనిషి వాకిట్లోనే ఆగిపోతాడు.

మన హోటళ్లలో వడ్డించే మనిషినీ సర్వరనే అంటాం. దోసెల మాస్టరు పెనం దగ్గర నుంచి కదలడు. దోసె వేసి పక్కన పెడతాడు, బల్ల దాకా మోసి, నీళ్లు పోసి, చట్నీ మళ్లీ వేసేది సర్వరు. తినేవాళ్ల తీరిక కోసం మాస్టరే బల్ల పక్కన నిలబడితే పెనం చల్లారిపోతుంది. మాడ్‌పెర్ల్ వాళ్లు తమ మార్గదర్శిలో సూచించిన పద్ధతి అచ్చంగా ఇదే. ముందు తేలికపాటి అపాచీ, వెనక బరువైన అపాచీ. ముందున్నది పేజీని ఒక్క గుక్కలో అందుకుని, వెనకదాన్ని వెంటనే వదిలేసి, నిదానంగా వడ్డిస్తుంది. ముందు నిలబడే ఈ ప్రోగ్రామునే రివర్స్ ప్రాక్సీ అంటారు. ఒకే యంత్రం పదివేల కనెక్షన్లు ఎందుకు మోయలేదని 1999లో డాన్ కెగెల్ అడిగిన ప్రశ్నకు జవాబుగా రష్యాలో ఇగోర్ సిసోయెవ్ 2002లో మొదలుపెట్టి, 2004లో విడుదల చేసిన ఇంజిన్ఎక్స్ ఈ పాత్రకు సరిగ్గా సరిపోయింది. రూబీకి 2009లో వచ్చిన యూనికార్న్ అయితే, నెమ్మది కనెక్షన్లను తాను చూసుకోనని, ముందు ప్రాక్సీ ఉండి తీరాలని సూటిగానే చెప్పింది.

యంత్రాలను విడదీసే అలవాటు మాత్రం జావా కంపెనీల లోకంలో బలపడింది. 1997లో సర్వర్‌లో నడిచే జావా ప్రోగ్రాములైన సర్వ్‌లెట్లు, 1999 డిసెంబరులో పెద్ద సంస్థల అప్లికేషన్ల కోసం జె2ఈఈ ప్రమాణం వచ్చాయి. వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్ వంటివి ‘అప్లికేషన్ సర్వర్’ అన్న పేరుతోనే అమ్ముడయ్యాయి. రెండు ఫైర్‌వాల్‌ల నడుమ వెబ్ సర్వర్, రెండో ఫైర్‌వాల్ లోపల అప్లికేషన్ సర్వర్, ఇంకా లోపల డేటాబేసు. బయటి యంత్రం దొంగల చేతికి చిక్కినా డేటాబేసు పాస్‌వర్డ్ దాంట్లో దొరకకూడదన్నది ఉద్దేశం. నా దృష్టిలో యంత్రాలను విడదీయడానికి ఇంతకంటే గట్టి కారణం లేదు.

దూరానికి ధర ఉంటుంది. ఇంజనీర్లు వాడే పాత అంచనా ప్రకారం మెమరీని ఒకసారి తాకడానికి 100 నానోసెకన్లు, అదే డేటాసెంటర్‌లో పక్క యంత్రానికి వెళ్లిరావడానికి 5 లక్షల నానోసెకన్లు పడతాయి. అంటే అయిదు వేల రెట్లు. పేజీకి ఒక్కసారి వెళ్లివస్తే అర మిల్లీసెకను, ఎవరికీ తెలియదు. కోడ్‌ను అడ్డదిడ్డంగా కోసి 200 సార్లు తిరిగేలా చేస్తే పదో వంతు సెకను పోతుంది. ఆబ్జెక్టులను యంత్రాల మధ్య పంచవద్దని 2002లో మార్టిన్ ఫౌలర్ తన పుస్తకంలో ‘మొదటి సూత్రం’గా పెట్టింది ఇందుకే.

పరీక్షల ఫలితాల రోజు తెర మీద కనిపించే 502, 504 అంకెలు కూడా ఈ విభజన నుంచి పుట్టినవే. వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని 502, సమయానికి రాలేదని 504. ఇంజిన్ఎక్స్ మామూలుగా 60 సెకన్లు ఎదురుచూసి చేతులెత్తేస్తుంది. వెనక అప్లికేషన్ మాత్రం ఆ సంగతి తెలియక అదే పని చేస్తూనే ఉండొచ్చు. విద్యార్థి మళ్లీ రిఫ్రెష్ నొక్కుతాడు, అదే పని రెండోసారి మొదలవుతుంది. భద్రత కోసం వేసిన అతుకే బలహీనతైన సందర్భాలూ ఉన్నాయి. ఒక రిక్వెస్ట్ ఎక్కడ ముగుస్తుందో ముందున్న సర్వర్, వెనకున్నది చెరో రకంగా అర్థం చేసుకుంటే మధ్యలో దొంగ రిక్వెస్ట్ దూరుతుందని 2005లో బయటపడింది. అపాచీనీ, వెనక సర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్‌నీ కలిపే 8009 పోర్ట్‌లో ఘోస్ట్‌క్యాట్ లోపం 2020లో వెల్లడైంది.

ఈలోగా కాలచక్రం తిరిగింది. 2009లో జావాస్క్రిప్ట్‌కు వచ్చిన నోడ్, 2014లో జావాకు వచ్చి టామ్‌క్యాట్‌ను తనలోనే పొదువుకున్న స్ప్రింగ్ బూట్ ఈసారి వెబ్ సర్వర్‌నే అప్లికేషన్ లోపలికి తెచ్చాయి. అయినా ముందు నిలబడేది పోలేదు. రిక్వెస్టులను పలు యంత్రాలకు పంచే లోడ్ బ్యాలెన్సర్ గానో, నకళ్లను వాడేవారికి దగ్గర్లో ఉంచే సీడీఎన్ గానో పేరు మార్చుకుంది.

కొత్తగా కట్టేవారు ఒకే యంత్రంలో రెండు ప్రోగ్రాములతో మొదలుపెట్టడం మంచిది. భద్రతా నియమమో, రెండు పనుల భారం వేర్వేరుగా పెరగడమో ఎదురైనప్పుడే రెండో యంత్రం కొనాలి. హద్దు ముందే గీసి ఉంటే ఆ రోజు ఇంజిన్ఎక్స్ సెట్టింగుల్లో ‘ఇదే యంత్రం’ అని అర్థమిచ్చే 127.0.0.1 ఉన్నచోట కొత్త యంత్రం చిరునామా రాస్తే చాలావరకు పని అయిపోతుంది. గీయకపోతే కోడే తిరగరాయాలి.