పంటి నొప్పికి అర్ధరాత్రి నుంచే క్యూ.. అమెరికా పల్లెల్లో ఫ్రీ డెంటల్ క్యాంపులు ఎలా నడుస్తాయంటే?

రాత్రంతా కార్లోనే నిద్ర. చేతిలో టోకెన్. తెల్లారాక నంబర్ పిలిస్తే పన్ను చూపించుకోవాలి. ఇది ఏదో పేద దేశం సంగతి కాదు.. అమెరికాదే. వర్జీనియా, టెనెస్సీల్లోని అపలాచియన్ కొండ ప్రాంతాల్లో ఏళ్లుగా కనిపిస్తున్న సీన్ ఇది. వాలంటీర్ డెంటిస్టులతో ఈ క్యాంపులు పెడుతున్న సంస్థ రిమోట్ ఏరియా మెడికల్. షార్ట్‌గా ర్యామ్.

ఎవరు మొదలుపెట్టారు?

స్టాన్ బ్రాక్. బ్రిటన్‌లో పుట్టిన ఆయన టీనేజ్‌లోనే దక్షిణ అమెరికాలోని గయానా వెళ్లి పశువుల రాంచ్‌లో పనిచేశారు. అక్కడ గుర్రం వల్ల గట్టి దెబ్బలు తగిలాయి. దగ్గర్లో ఉన్న డాక్టర్‌ను చేరాలంటే 26 రోజుల నడక! ఆ అనుభవమే 1985లో ర్యామ్‌కు దారి తీసింది. మొదట్లో దృష్టంతా విదేశాల్లోని మారుమూల ప్రాంతాలపైనే. 1992 నుంచి అమెరికా పల్లెల్లోనూ క్యాంపులు మొదలయ్యాయి. బ్రాక్ 2018లో చనిపోయారు.

ఇన్సూరెన్స్ ఉండదా?

అమెరికాలో పళ్లకు చాలావరకు వేరే ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే. 65 ఏళ్లు దాటినవారి మెడికేర్‌లో మామూలు డెంటల్ ట్రీట్‌మెంట్ రాదు. పేదల కోసం ఉన్న మెడికెయిడ్‌లో పెద్దవాళ్లకు డెంటల్ ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం. వర్జీనియా 2021 జులైలో గానీ దీన్ని పూర్తిగా అమలు చేయలేదు. కార్డు ఉన్నా, ఆ ఊరి దగ్గర్లో డెంటిస్ట్ ఉండాలి కదా! అక్కడున్న మనవాళ్లు చాలామంది ఇండియా వచ్చినప్పుడే పళ్లు చూపించుకుని వెళ్లేదీ ఈ ఖర్చు భయంతోనే.

క్యాంపులో ఏం చేస్తారు?

స్కూల్ జిమ్ లేదా ఫెయిర్‌గ్రౌండ్‌లో వరుసగా కుర్చీలు వేస్తారు. ఐడీ కార్డు అడగరు, ఇన్సూరెన్స్ అడగరు. ముందొచ్చినవారికే ముందు టోకెన్. బీపీ, ఎక్స్‌రే అయ్యాక క్లీనింగ్, ఫిల్లింగ్, లేదంటే పన్ను తీయడం. కళ్ల పరీక్ష కూడా ఉంటుంది. కానీ టైమ్ చాలక చాలామంది పళ్లా, కళ్లా అన్నది తేల్చుకోవాల్సి వస్తుంది.

పీకేయడమే ఎందుకు?

పుచ్చు నరం దాకా వెళితే రూట్ కెనాల్ చేసి, తర్వాత క్రౌన్ వేయాలి. దీనికి తరచూ ఒకటికి మించి సిట్టింగులు కావాలి. రెండు రోజుల క్యాంపులో అది కష్టం. దాంతో కాపాడుకోగలిగిన పన్ను కూడా పోతుంది.

చట్టం అడ్డు

అమెరికాలో డెంటిస్ట్ లైసెన్స్ ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. బయటి డాక్టర్లు వచ్చి ఫ్రీగా చేస్తామన్నా కుదరదు. టెనెస్సీ 1995లో చట్టం తెచ్చి వాలంటీర్లకు ఈ అడ్డు తొలగించింది. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ సడలింపులు ఇచ్చాయి.

అయితే ఆదివారం సాయంత్రానికి కుర్చీలు మడిచేస్తారు. సోమవారం పన్ను నొప్పి మొదలైతే, ఆ ఊళ్లో మళ్లీ క్యాంపు పెట్టేదాకా పెయిన్ కిల్లరే దిక్కు.