ఉస్మానియా తొలి టెర్ము: నివేదికకెక్కని పద్దు

విశ్వవిద్యాలయాల నివేదికలు చదివే అలవాటున్నవారికి వాటి వరుస తెలిసిందే. టెర్ము ముగియగానే ఎందరు చేరారు, ఎందరు ఉత్తీర్ణులయ్యారు, ఎన్ని గదులు లేచాయి, ఏ ప్రముఖుడు వచ్చి ప్రసంగించి వెళ్ళాడు అన్న పద్దులు అచ్చవుతాయి. అవన్నీ నిజమే కావచ్చు. ఆ విద్యాలయం ఏ భాషలో మాట్లాడుతోంది, ఎవరి పిల్లలతో మాట్లాడుతోంది అన్న పద్దు మాత్రం వాటిలో ఉండదు. తెలంగాణలో ఆ ప్రశ్నను బాహాటంగా ఎత్తుకుని జవాబు చెప్పిన విద్యాలయం ఉస్మానియా. ఆ జవాబులో సగం సాహసం, సగం అన్యాయం. సాహసాన్ని పొగిడేవారు అన్యాయాన్ని మరుస్తున్నారు. అన్యాయాన్ని తిట్టేవారు సాహసాన్ని గుర్తించరు.

విషయం 1917లో మొదలయింది. ఆంగ్లం ద్వారా సాగే చదువు విద్యార్థి ఆలోచనను కుంటుపరుస్తోందని, దేశభాషలో బోధించే విశ్వవిద్యాలయం కావాలని అక్బర్ హైదరీ నిజాం ప్రభుత్వానికి ఒక విజ్ఞాపన సమర్పించాడు. ఆ ఏప్రిల్‌లోనే మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా వెలువడింది. 1919 ఆగస్టులో కళాశాల తలుపులు తెరిచింది. తొలి జట్టులో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులు. ఉన్నవి రెండే విభాగాలు: కళలు, మతధర్మశాస్త్రం. సొంత భవనం లేదు. నిజాం కళాశాల దగ్గర ఒక ఇంట్లో పాఠాలు. నేటి నివేదికల కొలబద్దతో చూస్తే ఆ తొలి టెర్ములో చెప్పుకోవడానికి దాదాపు ఏమీ లేదు.

అసలు ఘనకార్యం మరోచోట జరిగింది. విద్యార్థి రాకముందే, 1917లోనే, దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. దానికి నాయకత్వం వహించినవాడు మౌల్వీ అబ్దుల్ హఖ్. చరిత్ర, తత్వశాస్త్రం, అర్థశాస్త్రం, గణితం, భౌతిక రసాయన శాస్త్రాలు అన్నింటికీ పుస్తకాలు కావాలి. పుస్తకాలు కావాలంటే ముందు మాటలు కావాలి. మాటలు పుట్టించడానికి శాస్త్రం తెలిసినవారూ, భాష తెలిసినవారూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అరబ్బీ ధాతువుల నుంచి మాటలు తీయాలని ఒక పక్షం. ఉర్దూ తనకు సహజమైన సమాసాలతో, ప్రత్యయాలతో తానే మాటలు చేసుకోగలదని మరో పక్షం. రెండో పక్షానికి పెద్దదిక్కు వహీదుద్దీన్ సలీం. 1921లో ఆయన ఈ విషయం మీదనే ఒక గ్రంథం రాశాడు. జనం నోట నలిగిన మాట శాస్త్రానికి పనికిరాదనే పండితుడికీ, ఎందుకు పనికిరాదని అడిగే భాషాభిమానికీ మధ్య జరిగిన వాదమిది. సరిగ్గా అదే 1919లో పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ‘తెలుగు’ పత్రిక పెట్టి పండితులతో చేస్తున్న పోరాటమూ ఇదే జాతిది. హైదరాబాదులో వాదించిన వారికి ఖజానా అండ ఉంది. గిడుగుకు స్వంత జేబు తప్ప మరేదీ లేదు.

ఆ సంస్థ పని దశాబ్దాలపాటు సాగి, వందలాది గ్రంథాలు వచ్చాయి. 1926 నుంచి వైద్యం, తరువాత ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే బోధించారు. మెకాలే 1835లో ఆంగ్లాన్ని నెత్తికెత్తింది మొదలు దేశభాషల్లో ఉన్నత విద్య అసాధ్యమన్న మాట మన చదువరుల్లో వేదవాక్యంలా పాతుకుపోయింది. దేహాన్ని కోసి చూపించే పాఠం కూడా దేశభాషలో చెప్పవచ్చునని ఉస్మానియా నిరూపించింది. రవీంద్రుడంతటివాడు ఈ ప్రయత్నాన్ని హర్షిస్తూ లేఖ రాశాడు. ఇంతవరకు సాహసం.

ఇక ఆ దేశభాష ఎవరిది? ఆనాటి సంస్థానంలో ఉర్దూ మాట్లాడేవారు సుమారు నూటికి 10 మంది. తెలుగువారు 48 మందికి దగ్గర, మరాఠీలు 26, కన్నడిగులు 12. నూటికి తొంభైమంది పిల్లలకు ఆంగ్లం స్థానంలో మరొక పరభాష వచ్చింది. తెలుగును ఒక పాఠ్యాంశంగా చదువుకోనిచ్చారు. రాయప్రోలు సుబ్బారావు తెలుగు ఆచార్యుడుగా వచ్చారు. కావ్యం తెలుగులో చదువుకోవచ్చు, అర్థశాస్త్రం మాత్రం కూడదు. భాషను దేవుడి గదిలో కూర్చోబెట్టి వంటింట్లోకి రానివ్వకపోవడం వంటిదిది.

తెలుగులో శాస్త్రగ్రంథాలు లేవు గనుక ఉర్దూ తప్పలేదనే సమర్థన కూడా నిలవదు. అంతకు ముందే, 1906లో, అదే హైదరాబాదు నగరంలో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలి స్థాపించారు. చరిత్రలూ శాస్త్రగ్రంథాలూ తెలుగులో రాయించి చందాదారుల డబ్బుతో అచ్చువేశారు. దారుల్ తర్జుమాకు పెట్టిన సొమ్ములో పదోవంతు ఆ మండలికి దక్కివుంటే ఏమయ్యేదన్నది ఊహే. కాని మండలి హైదరాబాదులో నిలవలేక మద్రాసుకు తరలిపోయిందన్నది చరిత్ర.

కళాశాల తెరిచిన రెండేళ్ళకు, 1921 నవంబరులో, హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే, మహిళలకు విశ్వవిద్యాలయం పెట్టిన మహానుభావుడు. ఆంగ్ల, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు విన్న సభ, న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో నోరు విప్పగానే కేకలతో, చప్పట్లతో గేలి చేసింది. ఆ రాత్రి అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. దాని ఆరో సభ 1937లో మా నిజామాబాదులోనే జరిగింది. ఆనాడు గేలి చేసినవారు చదువుకున్నవారేనని గమనించాలి. పాలకుడు దూరం పెట్టిన భాషను సంస్కర్తలు కూడా అలాగే చూశారు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఉర్దూనే శత్రువుగా చూపి మతం మంట రాజేసేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. మా పట్టణంలో బీడీలు చుట్టే తల్లి మాట్లాడేదీ, బోధన్ చక్కెర కర్మాగారంలో మూడు షిఫ్టులు చేసిన కార్మికుల్లో ఎందరో మాట్లాడిందీ ఉర్దూయే. పహాణీ, అర్జీ, కచేరీ, దస్తావేజు అంటూ మేం మాట్లాడే తెలుగులో అది కలిసేపోయింది. మఖ్దూం మొహియుద్దీన్ ఎమ్మే చదివింది ఉస్మానియాలోనే. రాజబహదూర్ గౌర్ వైద్యం చదివిందీ ఆ విద్యాలయం కిందనే. నిజాం కొలువుకు గుమాస్తాలు కావాలని తెరిచిన తరగతి నిజాంను కూలదోసే కమ్యూనిస్టులను కూడా తయారుచేసింది. ఏ టెర్ము నివేదికలోనూ ఆ సాఫల్యం లేదు. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వసతిగృహాల నుంచి వెళ్ళగొడితే, వారిని నాగపూరు విశ్వవిద్యాలయం ఆదుకుంది. అదీ అచ్చుకెక్కదు. మరుసటి ఏడాది డిసెంబరులో ఆర్ట్స్ కళాశాల రాతి భవనం ప్రారంభోత్సవం మాత్రం ఘనంగా ఎక్కింది.

1948 తరువాత ఏం జరిగింది? ఉర్దూ మాధ్యమం పోయింది. ఆ స్థానంలోకి తెలుగు రావలసింది, వచ్చింది ఆంగ్లం. మూడు దశాబ్దాల పరిభాషా కృషి అటకెక్కింది. ఆ అనుభవం నుంచి తెలుగు నేర్చుకోదగినదెంతో ఉన్నా, దాన్ని దుర్మార్గపు పాలన జ్ఞాపకంగానే చూశారు. తెలుగు అకాడమీ 1968లో గాని రాలేదు. అది చేసిన మేలు చిన్నది కాదు. డిగ్రీ దాకా తెలుగులో చదివిన మొదటి తరం రైతుబిడ్డలకు ఆధారం ఆ పుస్తకాలే. అయితే సలీం హెచ్చరించిన తప్పే మనవాళ్ళూ చేశారు. అక్కడ అరబ్బీ అయితే ఇక్కడ సంస్కృతం. కిరణజన్య సంయోగక్రియ అన్న మాటను మా తరగతిలో ఏ పిల్లా మొదటిసారి ఒక్క ఊపిరిలో అనగా నేను వినలేదు.

2006లో మా జిల్లాకు తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చింది. తొలి తరగతులు పట్టణంలోని గిరిరాజ్ ప్రభుత్వ కళాశాలలో నడిచాయి. తరువాత డిచ్‌పల్లిలో ప్రాంగణం లేచింది. మా ఇళ్ళ నుంచి బస్సులో పోయివచ్చే దూరంలో స్నాతకోత్తర విద్య దొరకడం చిన్న విషయం కాదు, ముఖ్యంగా ఆడపిల్లలకు. దాని నివేదికలను చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. కాని 1919లో వేసిన ప్రశ్నను 2006లో ఎవరూ వేయలేదు. 2022 నుంచి ప్రభుత్వ పాఠశాలల్లోనే ఆంగ్ల మాధ్యమం మొదలయింది గనుక ఇక వేయరేమో కూడా. కూలివాడు తన పిల్లకు ఇంగ్లీషు కావాలంటే తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఇంగ్లీషు లేనిదే కొలువు లేని లోకాన్ని నిర్మించింది అతడు కాదు.

బోధన్ పక్క పల్లెలో తెలుగు మాధ్యమంలో డిగ్రీ ముగించి వచ్చే కుర్రవాడు స్నాతకోత్తర తరగతిలో మొదటి టెర్మంతా ఒక పనిలోనే గడుపుతాడు. అకాడమీ పుస్తకం ఒక పక్క, ఆంగ్ల గ్రంథం మరో పక్క పెట్టుకుని, తనకు తెలిసిన విషయానికే కొత్త పేర్లు నోటుబుక్కులో రెండు వరుసల్లో రాసుకుంటాడు. దారుల్ తర్జుమా బల్ల చుట్టూ జరిగిన పనిని ఇతడు ఒక్కడే కూర్చుని తలకిందులుగా చేస్తున్నాడు.