‘నలుగురు’ అన్న లెక్క: అమెరికాలో సామూహిక కాల్పుల నిర్వచనాలు

అమెరికాలో సామూహిక కాల్పులు అన్న మాటకు అందరూ అంగీకరించిన నిర్వచనం నేటికీ లేదు. తరచుగా వినిపించే ‘నలుగురు’ అన్న లెక్క సైతం మొదట తుపాకులను దృష్టిలో పెట్టుకొని పుట్టింది కాదు. 1980లలో ఎఫ్‌బీఐకి చెందిన నేరస్వభావ విశ్లేషకులు, ఒకే చోట ఒకే ఘటనలో నలుగురిని గాని అంతకు మించి గాని చంపడాన్ని సామూహిక హత్య అన్నారు. హత్యకూ హత్యకూ నడుమ హంతకుడు మామూలు జీవితంలోకి మళ్ళే విరామం ఉంటే వాటిని వరుస హత్యలుగా వేరుచేశారు. ఆయుధభేదం పాటించని ఈ విభజన హంతకుడి తీరును పసిగట్టేందుకు ఉద్దేశించినదే తప్ప, ఏటేటా ఘటనలను లెక్కించేందుకు కాదు.

ఆ విభజన గీత మొదటి నుంచీ వంకరగానే ఉంది. 1966 ఆగస్టు 1న ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయపు టవరు పైనుంచి కాల్పులు జరిపిన వ్యక్తి, అంతకు కొన్ని గంటల ముందే తల్లినీ భార్యనూ వేర్వేరు ఇళ్ళలో చంపాడు కనుక, అది ఒకే ఘటనా, ఒకే చోటా అన్న ప్రశ్నకు సూటి జవాబు దొరకదు.

అమెరికా కాంగ్రెస్‌కు పరిశోధనలో తోడ్పడే విభాగం 2015లో వెలువరించిన నివేదిక, తుపాకీతో నలుగురు లేదా అంతకు మించి హతులైన ఘటనలను మూడు తెగలుగా విడదీసింది: బడి, దుకాణం వంటి బహిరంగ స్థలాల్లో జరిగేవి, కుటుంబసభ్యులను బలిగొనేవి, దోపిడీ, ముఠా తగాదాల వంటి ఇతర నేరాలతో ముడిపడినవి. 1999 నుంచి 2013 వరకు ఇటువంటివి 317 జరగగా, వాటిలో బహిరంగ స్థలాలవి 66, కుటుంబాలవి 127. అంటే, జనం మనసులో ఈ మాటకు రూపమిచ్చిన తెగ నిజానికి మూడింటిలో అతి చిన్నది.

ఈలోగా 2013 జనవరిలో వచ్చిన సమాఖ్య చట్టం, స్థానిక పోలీసులు కోరినప్పుడు సమాఖ్య అధికారులు దర్యాప్తులో సాయపడేందుకు వీలుగా, సామూహిక హత్యకు ముగ్గురి మరణమే చాలునంది. అది ఎవరెవరు ఎప్పుడు రంగంలోకి దిగవచ్చో చెప్పే ఏర్పాటే అయినా, కొందరు లెక్కరాయుళ్ళు దాన్నే కొలమానంగా స్వీకరించారు. అదే ఏడాది మొదలైన గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ, కాల్చినవాడిని మినహాయించి నలుగురికి తూటా తగిలితే చాలునని, వారు మరణించినా బతికినా ఒకటేనని నియమం పెట్టుకోవడంతో, 2021 నుంచి 2023 వరకు దాని లెక్క ఏటా 600 దాటింది. స్థలాన్నీ కారణాన్నీ పట్టించుకోకపోవడం ఈ పద్ధతిలోని లోపమే. అయితే తూటా తగిలినవాడు దక్కడం ఆసుపత్రి దూరాన్ని బట్టి కూడా ఉంటుంది గనుక, శవాలను మాత్రమే లెక్కించే పద్ధతి కన్నా ఇది దాడి తీవ్రతకు దగ్గరగా ఉంటుంది.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలోని ఒక బారులో జరిగిన కాల్పుల్లో తెలుగు ఇంజనీరు ఒకరు మరణించగా, ఆయన మిత్రుడూ, అడ్డుకోబోయిన మరొకరూ గాయపడ్డారు. తూటాలు తగిలింది ముగ్గురికి, చనిపోయింది ఒక్కరు. కాబట్టి పై నిర్వచనాల్లో ఏదీ దాన్ని తన పరిధిలోకి తీసుకోదు. సమాఖ్య న్యాయస్థానం మాత్రం దాన్ని విద్వేష నేరంగా పరిగణించి, 2018లో దోషికి యావజ్జీవ శిక్ష విధించింది.