మోకాళ్ళు వంగని వాళ్ళకీ ఆసనం

మా వికారాబాద్‌లో అనంతగిరి అంటే పెద్దవాళ్ళకి గుర్తొచ్చేది నిజాం కాలపు క్షయ ఆసుపత్రి. సరైన మందులు లేని ఆ రోజుల్లో కొండగాలే వైద్యం.

1918లో కోలారు జిల్లా బెళ్ళూరులో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగార్‌నీ చిన్నతనంలో ఆ జబ్బే పట్టుకుంది. మలేరియా, టైఫాయిడ్ కూడా పీల్చేశాయి. బావగారు కృష్ణమాచార్య దగ్గర యోగా నేర్చుకుని నిలదొక్కుకున్నారు. 1937లో పుణె వెళ్ళి నేర్పడం మొదలుపెట్టారు. రానురాను, వంగలేని వాళ్ళకి కుర్చీ, బెల్టు, తాడు, చెక్కదిమ్మ ఆసరా ఇచ్చారు. ఆసనాన్నే మనిషి దగ్గరికి తెచ్చారన్నమాట. ఆయన కూతురు గీత ఆడవాళ్ళ కోసమే ఒక యోగా పుస్తకం రాశారు.

తాండూరు నాపరాళ్ళ మీద కూర్చుంటే లేవలేని అత్తయ్యలూ, "ఈ వయసులో మాకెందుకమ్మా" అనకండి. కుర్చీలోనే కూర్చుని, చేతులు మెల్లగా పైకెత్తి, నిండుగా ఊపిరి తీసుకోండి. అదీ యోగానే.